కొట్టినట్టు, ఏడ్చినట్టు

మధ్యాహ్నం. రెండు గదుల ఇల్లు. ముందు గదిలో మేనమామ, మేనకోడలు. పక్క గది తలుపు దగ్గరగా వేసి ఉంది.

"ఏమే కోడలు పిల్లా, మామని చూడ్డానికొచ్చి గోడని చూస్తావేంటి? గోడలకి చెవులుంటాయన్నారు గాని మొహం ఉంటుందని ఎవరూ అనలేదు. ఇటు తిరుగు. పెద్ద కంపెనీ, పెద్ద ఉద్యోగం అని మీ అమ్మ ఊరంతా డప్పు కొట్టింది. నీ మొహం చూస్తే పరీక్ష తప్పినదానిలా ఉంది. ఆ మొహం నాకు కొత్త కాదులే. ఎనిమిదో క్లాసులో ఉన్నన్నేళ్ళూ అద్దంలో అదే చూసుకున్నాను."

"మెల్లగా మామయ్యా. పక్క గదిలో మా డ్రైవరు పడుకున్నాడు."

"ఆ మహానుభావుడా? మాస్కు తియ్యడు, జేబుల్లోంచి చేతులు తియ్యడు. నేను రెండు చేతులూ ఎత్తి నమస్కారం పెడితే తలూపి లోపలికి పోయాడు, అలిగిన పెళ్ళికొడుకులాగ. మీ కంపెనీలో డ్రైవర్లకి కూడా అంత పొగరా?"

"పొగరు కాదు. ఒంట్లో బాలేదు ఆయనకి. వదిలెయ్. నేనొక పని మీద వచ్చాను."

"తెలుసు. ప్రేమ మీద వస్తే చేతిలో స్వీటు డబ్బా ఉండేది. చెప్పు."

"మా కంపెనీ మళ్ళీ అక్కడికి వెళ్తోంది. నువ్వు దుబాసీగా చేశావే, ఆ దేశానికి. మా మెసేజీల యాప్‌కి అప్పుడిచ్చిన లైసెన్సు రద్దు చేశారుగా, ఇప్పుడు మళ్ళీ పిలిచారు. అదే ఆఫీసు, అదే పెద్దాయన. అప్పట్లో మా కంపెనీ తరఫున మేడమ్ కూర్చున్న కుర్చీలో ఈసారి నన్ను కూర్చోమంటున్నారు."

"అబ్బో. మా కోడలు పిల్ల ఆ మీసాలాయన ముందు కూర్చుంటుందన్నమాట. మీసాలు చూసి భయపడకు. రంగేస్తాడు. చెమట పడితే కాలర్ మీదికి కారుతుంది."

"నవ్వకు మామయ్యా. అక్కడ మా తరఫున ఒక మనిషిని పెట్టుకోవాలి, ఆ ఊరివాణ్ణే. పోయినసారి అలా పెట్టుకున్న మనిషిని పక్క గదిలో పడేసి కొట్టారని కొందరంటున్నారు. ఆఫీసులో అడిగితే నవ్వుతున్నారు. అదంతా నాటకం, ఆడించింది మీ మామే, పోయి ఆయన్నే అడుగు అన్నారు. వెళ్తానో లేదో రేపు పొద్దున్న చెప్పాలి. వెళ్తే ఒక మనిషిని ఆ పక్క గదిలోకి నేనే పంపినట్టు. నాకు ఒక్కటే తెలియాలి. ఆ రోజు గోడవతల ఏం జరిగింది?"

"ఓస్, ఇంతేనా? నేనింకా పెళ్ళి సంబంధం ఏదో బెడిసికొట్టిందనుకున్నాను. ఈ కథ నేను చెప్పని ఇల్లు లేదు. మీ అత్తయ్యకి చెప్పీ చెప్పీ, ఇప్పుడు నేను నోరు తెరిస్తే సంచీ పట్టుకుని బజారుకి పోతుంది. ఇందాక పోయింది చూశావా, అందుకే."

"మొదట్నించి చెప్పు. ఏదీ వదలకుండా."

"మొదలంటే, లారీ తోలుకుందామని పోయాను అక్కడికి. సంతలో తిట్లు తింటూ భాష నేర్చుకున్నాను. గది అద్దెకి తీసుకుంటే, అందులో ఇంకోడు ఉన్నాడు, ఆ ఊరివాడే. బక్కోడు. ఫోన్లు బాగుచేసేవాడు. గాలొస్తే ఎగిరిపోయేవాడు గాని, ఏం వేళ్ళే వాడివి. చీమ కాలికి గజ్జె కట్టమన్నా కట్టేవాడు. నేను వాడికి తెలుగు నేర్పాను. ముందు బూతులు నేర్పాను, తర్వాత 'బావా' అనడం నేర్పాను. అది పట్టుకున్నాడింక. లేస్తే బావా, కూర్చుంటే బావా. మీ కంపెనీని ఆ దేశానికి పిలిచింది వాడే. ఏదో ఉత్తరాలు రాసి, వాళ్ళనీ వీళ్ళనీ పట్టుకుని. తన జనం భయం లేకుండా మాట్లాడుకోవాలని వాడి పిచ్చి. దుబాసీ కావాలంటే, మా బావ ఉన్నాడుగా అని నన్ను తోశాడు."

"అంటే నీకు ఆ ఉద్యోగం ఇప్పించింది ఆయనే."

"వాడే. గుమ్మడికాయ తలకి పట్టుటోపీ. మేడమొచ్చింది. కళ్ళజోడు, ఒక చిన్న పెట్టె, బోలెడంత పట్టుదల. పెద్దాయన అడిగింది ఒక్కటే. జనం మీ యాప్‌లో పంపుకునే మెసేజీలకి తాళం ఉంటుందటగా, ఆ తాళంచెవి మాకివ్వండి, లైసెన్సు ఇస్తాం అన్నాడు. మేడమ్ ఇవ్వనంది. ఆయన మేడమ్ ఫోను ఓసారి చూస్తానని అడిగి తీసుకున్నాడు, బల్ల మీద పెట్టాడు, సొరుగు లాగి సుత్తి తీశాడు. ఆఫీసరు సొరుగులో సుత్తి ఎందుకుంటుందే? అప్పుడే నాకు అర్థం కావాల్సింది. ఒక్కటే దెబ్బ. గాజుముక్క ఎగిరి మేడమ్ చెంప కోసింది. నెత్తురు కారి మెడ దాకా వచ్చింది. ఆవిడ తుడుచుకోలేదు. తాళాలు ఇలా కూడా తెరవచ్చు అన్నాడు పెద్దాయన."

"నువ్వేమని చెప్పావు మేడమ్‌కి?"

"చెయ్యి జారింది, క్షమించమంటున్నారు అని చెప్పాను."

"మామయ్యా."

"ఏం చెయ్యమంటావు? అటు నిప్పు, ఇటు నిప్పు, మధ్యలో దూదిలాగ నేను. ఇద్దరి మాటలకీ చక్కెర పూసి పంపేవాణ్ణి. ఆయన తిడితే నేను పలకరించేవాణ్ణి. ఆవిడ చస్తే ఇవ్వనంటే, ఆలోచిస్తానంటున్నారు సార్ అనేవాణ్ణి. రెండో రోజు దొరికిపోయాను. ఆయన నిలబడి, బల్ల గుద్ది, అరిచి, చెమటలు కక్కి, మీసాల రంగు కాలర్ మీదికి కారేదాకా మాట్లాడాడు. నేను మేడమ్ వైపు తిరిగి, ఇమ్మంటున్నారండీ అన్నాను. అంతే. వెనక నిలబడ్డ కాపలావాడికి లెక్క తేడా కొట్టింది. తుపాకీ మడమతో మూతి మీద ఒకటిచ్చాడు. ఈ పన్ను చూడు, లేదుగా? అక్కడే ఉంది అది, ఆ బల్ల కింద."

"బాత్రూంలో జారిపడ్డావని అత్తయ్య చెప్పింది."

"మీ అత్తయ్యకి అలా చెప్పాను. అబద్ధం అతికినట్టుండాలి గాని, నిజమెవడిక్కావాలే? నోట్లో నెత్తురు ఉమ్ముకుంటూ వరండాలోకి వచ్చాను. పెద్దాయన నా వెనకే వచ్చి, రుమాలు ఇచ్చి, సిగరెట్టు ఇచ్చి, భుజం మీద చెయ్యేశాడు. మీ అందరి పాస్‌పోర్టులూ నా బీరువాలో ఉన్నాయి, మీ మేడమ్ ఒప్పుకోకపోతే మీరెవరూ గడప దాటరు, నీకు ఇంటికెళ్ళాలని లేదా అన్నాడు. ఆవిణ్ణి ఒప్పించే దారి నువ్వే చెప్పు అన్నాడు."

"చెప్పావా?"

"నా నోరు ఊరుకుంటుందా? మా వైపు ఒక సామెతుంది సార్, నువ్వు కొట్టినట్టు చెయ్యి, నేను ఏడ్చినట్టు చేస్తానని. పక్క గదిలో మా బక్కోణ్ణి పెట్టండి. కర్రతో ఒక దిండుని బాదండి. వాడు ఏడుస్తాడు. ఆవిడ మనసు వెన్న, గోడవతల ఒక మనిషి ఏడిస్తే కరిగిపోతుంది. ఎవరికీ దెబ్బ తగలదు, అందరం ఇంటికి పోతాం. ఇదంతా ఆయన భాషలో సామెతతో సహా చెప్పాను. పెద్దాయన నవ్వాడే. పొట్ట పట్టుకుని నవ్వాడు. నీలాంటివాడు మా ఆఫీసులో ఉండాలన్నాడు. అంత పెద్దాయన నా మాటకి నవ్వాడని నాకు ఎంత పొంగొచ్చిందో."

"ఆయన ఒప్పుకున్నాడా? బక్కాయన?"

"ఎగిరి గంతేశాడు. గదికెళ్ళి రిహార్సలు వేశాం. నేను కర్ర పట్టుకున్నాను, వాడు మంచం కోడు పట్టుకుని ఏడుపు. వాడి భాషలో అమ్మా, దేవుడా, చంపేస్తున్నారు అని. పక్కింటావిడ గరిటె పట్టుకుని పరిగెత్తుకొచ్చింది, నిజంగా హత్య జరుగుతోందనుకుని. నవ్వలేక చచ్చాం. నీకేమైందే, అలా పాలిపోయావు?"

"ఏం లేదు. కాస్త గట్టిగా చెప్పు మామయ్యా, ఫ్యాను చప్పుడుకి వినపడట్లేదు."

"ఇందాక మెల్లగా అన్నావు, ఇప్పుడు గట్టిగా అంటావు. మీ డ్రైవరు లేస్తాడు."

"లేవనీ. తర్వాత?"

"తర్వాతేముంది, పొద్దున్నే బయల్దేరుతుంటే వాడికి అనుమానం. బావా, వాళ్ళు నిజంగా దిండు తెచ్చుకుంటారంటావా అని. తెచ్చుకోకపోతే మన దిండే పట్టుకురారా అన్నాను. ఊరికే అన్నాను. పిచ్చి సన్నాసి నిజంగానే దిండు చంకలో పెట్టుకుని బయల్దేరాడు. ఆ రోజు వీధిలో ఏదో గొడవ, ట్రక్కు నిండా మనుషుల్ని జుట్టు పట్టుకుని ఎక్కిస్తున్నారు, ఒకడి తల ట్రక్కు తలుపుకేసి కొట్టారు, రోడ్డంతా చెప్పులు. ఆ మధ్యలోంచి వీడు దిండు చంకన పెట్టుకుని, పక్కన నేను. చూసిన ప్రతివాడూ నవ్వాడు. ఆ రోజు ఆ వీధిలో నవ్వుకి కారణమయ్యింది మేమిద్దరమే."

"దిండుతో లోపలికి రానిచ్చారా?"

"గేటు దగ్గర కాపలావాడు లాక్కుని తన బెంచీ మీద పడేశాడు. బక్కోణ్ణి అటు తీసుకెళ్ళారు, నన్ను ఇటు. వాడు వెనక్కి తిరిగి చూశాడు. నేను కన్ను కొట్టాను."

"దిండు గేటు దగ్గరే ఉండిపోయింది."

"అయితే? వాళ్ళకి దిండ్లుండవా? ప్రభుత్వం వాళ్ళే. విను, అసలు మజా ఇక్కడుంది. మేడమ్ కూర్చుంది, చెంప మీద పట్టీ. పెద్దాయన ఎదురుగా. బల్ల మీద గంట, పిల్లల సైకిలు గంటలాంటిది. తాళంచెవి ఇస్తారా అన్నాడు. నేను అడిగాను. ఇవ్వం అంది. ఆయన గంట కొట్టాడు. గోడవతల ధన్. వాడు కేక పెట్టాడు. మేడమ్ ఉలిక్కిపడింది. మళ్ళీ అడిగాడు. ఇవ్వం. మళ్ళీ గంట, మళ్ళీ ధన్. నేను బుగ్గ లోపల కొరుక్కుంటున్నాను, నవ్వు ఆపుకోలేక. రిహార్సల్లో కంటే బాగా చేస్తున్నాడు దొంగవెధవ. ఊపిరాడనట్టు, గొంతులో నీళ్ళున్నట్టు. ఇలాంటి నటన వీడిలో ఎక్కడ దాక్కుందిరా అనుకున్నాను."

"ఏడ్చింది వాళ్ళ భాషలోనేనా?"

"అక్కడే వాడు కొంటెతనం చేశాడు. ముందు వాడి భాషలోనే ఏడ్చాడు, అనుకున్నట్టే. కాసేపటికి తెలుగులోకి దిగాడు."

"తెలుగులోకా?"

"నన్ను నవ్వించడానికే. బావా, ఆపమను అన్నాడు. బావా, ఆపమను బావా. నేను నేర్పిన భాష నా మీదే వదిలాడు. ఇంక నేను నోట్లో రుమాలు కుక్కుకున్నాను. పన్ను నొప్పి అన్నట్టు నటించాను. మేడమ్ నా వైపు తిరిగి, తెలుగులో మాట్లాడుతున్నాడు, బావా అని ఎవర్ని పిలుస్తున్నాడు అంది. ఇక్కడ అందర్నీ అలాగే పిలుస్తారండీ అన్నాను."

"పెద్దాయనకి తెలుగు రాదుగా."

"రాదు. అతనేమంటున్నాడు అని నన్నడిగాడు."

"నువ్వేం చెప్పావు?"

"ఇప్పుడు చూడు, దుబాసీ పని అంటే పరాయి మాటని మన మాటలోకి తేవడం. మన మాట మనకి చెప్పక్కర్లేదు, పరాయివాడికి చెప్పాల్సిందే. అడిగాక చెప్పాలిగా."

"ఏం చెప్పావు మామయ్యా?"

"ఇంకాస్త గట్టిగా కొడితే ఇంకా రక్తి కడుతుందంటున్నాడు సార్ అన్నాను."

"అలా అన్నావా?"

"జోకే. పెద్దాయన మళ్ళీ అదే నవ్వు. ఆపకుండా గంట కొట్టాడు. పాట వాయించినట్టు. నవ్వవేంటే? ఈ చోట అందరూ నవ్వుతారు."

"ఎంతసేపు కొట్టాడు గంట?"

"మేడమ్ లేచి బల్ల పట్టుకుని, ఇస్తాను, ఇస్తాను, ఆపండి అనేదాకా. అరిచేసింది పాపం. కుర్చీ పడిపోయింది. అక్కడే, నిలబడే, సంతకం పెట్టింది. పెన్ను నొక్కిన నొక్కుకి కాయితం చిరిగింది. ఎంత చదువు, ఎంత తెలివి, చూశావా? దిండుని బాదితే సంతకం పెట్టేసింది. మర్నాడే మా పాస్‌పోర్టులు మా చేతికొచ్చాయి. ఎవరికీ గోరంత గాయం లేదు. నా పన్ను తప్ప."

"ఆ తాళంచెవితో ఆ ఏడు వాళ్ళు ఎన్ని ఇళ్ళ తలుపులు బద్దలుకొట్టారో తెలుసా? రాసిన మెసేజీలు చదివి, రాసినవాళ్ళని ఇళ్ళలోంచి ఈడ్చుకొచ్చి కొట్టారు."

"అవన్నీ పెద్దల సంగతులమ్మా. నేను మాట మోసేవాణ్ణి, గాడిదకేం తెలుస్తుంది మూటలో ఏముందో."

"సరే. బయటికొచ్చాక ఆయన్ని చూశావా?"

"ఎవర్ని?"

"ఎవరో తెలుసుగా."

"బక్కోణ్ణా? వాడు అటు గేటు నుంచి వెళ్ళిపోయాడన్నారు. గదికొచ్చి చూస్తే రాలేదు. మర్నాడూ రాలేదు. అడిగితే, పెద్దాయన మెచ్చుకుని ఇంకో ఊళ్ళో పెద్ద దుకాణం పెట్టించాడని చెప్పారు. ఇదీ లోకం. దుకాణం రాగానే బావ గుర్తులేడు. ఇన్నేళ్ళలో ఒక్క ఫోను లేదు. ఫోన్లు బాగుచేసేవాడికి ఫోను కరువా చెప్పు? నాకు ఇప్పటికీ కోపమే వాడి మీద."

"వెళ్ళి ఆ గది తలుపు తీసి చూడలేదు."

"రానివ్వలేదు."

"అడిగావా?"

"అడిగితే రానిచ్చేవాళ్ళా ఏంటి? నువ్వు చూడలేదు ఆ మనుషుల్ని."

"గేటు దగ్గర దిండు?"

"దిండా?"

"మీరు తెచ్చిన దిండు. వచ్చేటప్పుడు ఏమైంది?"

"ఉంది. బెంచీ మీదే. కాపలావాడు దాని మీద మోచెయ్యి ఆన్చుకుని కునుకు తీస్తున్నాడు. నేను మెల్లగా లాగేసి తెచ్చుకున్నాను. వాడొచ్చి అడుగుతాడు కదా, నా దిండేది బావా అని. తర్వాత పెట్టెలో పెట్టుకుని ఇక్కడికి తెచ్చాను. మీ అత్తయ్య ఎన్నిసార్లు పారేద్దామన్నా పడనివ్వలేదు. కోపం కోపమే, దిండు దిండే."

"కుట్లు ఊడలేదా? ఎక్కడా చిరగలేదా?"

"చెక్కుచెదరలేదు. ఏం, కొంటావా? లోపల మంచం మీదే ఉంది. మీ పొగరుబోతు డ్రైవరు ఇప్పుడు తలపెట్టుకుంది దాని మీదే."

"వాళ్ళ దగ్గర దిండున్నట్టు నువ్వు చూడలేదు. తెచ్చిన దిండు లోపలికి పోలేదు. మరి నువ్వు విన్న చప్పుడు దేనిది మామయ్యా?"

"దేనిదంటే? దిండుదే. గోడవతల్నించి వింటే ఏదైనా వేరేగా వినపడుతుంది. దానికి ప్లీడరు ప్రశ్నలేంటే? మేడమ్‌ని బోల్తా కొట్టించాను, అది కథ. మీ కంపెనీవాళ్ళు కూడా నవ్వుకుంటున్నారన్నావుగా."

"మేడమ్ ఉద్యోగం మానేశారు, తెలుసా? మానేసి ఆయన కోసం వెతికారు. ఏ దుకాణంలోనూ దొరకలేదు. జైలు ఆసుపత్రిలో దొరికారు. బయటికి తేవడానికి ఏళ్ళు పట్టింది. ఆయన ఆవిణ్ణి అడిగింది ఒక్కటే ప్రశ్న. మా బావకి తెలిసే జరిగిందా అని. ఆవిడకి తెలీదు. ఆఫీసులో నీ పేరు తెలుసుకుని, నీ మేనకోడల్ని నేనని తెలుసుకుని నా దగ్గరకొచ్చారు."

"జైలేంటి? దుకాణం అన్నారు కదే వాళ్ళు."

"అన్నారు."

"ఉండు, ఏంటా చప్పుడు? మీ డ్రైవరు మంచం మీంచి పడ్డట్టున్నాడు."

"పడలేదు. మళ్ళీ విను."

"ఏం చేస్తున్నాడు వాడు లోపల?"

"దిండుని కొడుతున్నాడు. మోచేత్తో. వేళ్ళు ముడుచుకోవు ఆయనకి, అందుకే నమస్కారం పెట్టలేదు. బాగా విను మామయ్యా. మధ్యలో గోడ ఉంది, అచ్చం అప్పట్లాగే. ఆ రోజు నువ్వు విన్న చప్పుడు ఇదేనా?"

"ఎప్పటి మాటే అది?"

"చెప్పు. నేను రేపు పొద్దున్న అక్కడ జవాబు చెప్పాలి. ఇదేనా?"

"కాదు."

"గట్టిగా."

"కాదే. ఇది మెత్తగా ఉంది. ఆ రోజుది ఇలా లేదు. ఆ రోజుది... వాడికి దెబ్బ తగలదని చెప్పానే నేను. దిండు అని చెప్పాను. కోడలా, ఎవరే లోపల? డ్రైవరన్నావుగా?"

"బండి నేనే నడుపుకుంటూ వచ్చాను మామయ్యా. నాకు డ్రైవరు లేడు."

"తలుపు తియ్యకు. ఒక్క నిమిషం. ఒక్క నిమిషం ఆగమను వాణ్ణి. ఆపమనవే."

"దిండు ఇలా మోగుతుంది బావా. నవ్వొస్తే ఈసారి ఆపుకోకు."